పాత కంప్యూటరు మొరాయిస్తే



ఈవేళ వంటలూ కుట్లూ వదిలేసి కంప్యూటరు కబురు ఎత్తుకుందేమిటా అనుకోకండి. పాత కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు రాళ్ళు సంపాదించుకునే ఆడవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. మా ఆడపడుచు అలాంటి మనిషే. ప్రెస్సువాళ్ళు పంపే శుభలేఖలూ, కరపత్రాలూ ఇంట్లోనే పేజ్‌మేకర్‌లో అను అక్షరాలతో కొట్టి ఇస్తుంది. ఆవిడది విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు. 2001లో వచ్చిన ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టువారు 2014 ఏప్రిల్ 8తో రక్షణ సవరణలు ఇవ్వడం మానేశారు. అయినా చేతికి అలవాటైన సరంజామా అంతా అందులోనే ఉంది మరి.

శ్రావణమాసం పెళ్ళిళ్ళ రద్దీలో ఒకరోజు తెర మీద కుడివైపు అడుగున బుడగలాంటి చిన్న గడి లేచింది. వర్చువల్ మెమరీ తక్కువైంది, పెంచుతున్నాను, ఈలోగా కొన్ని ప్రోగ్రాములకు అడిగిన చోటు దొరకకపోవచ్చు అని దాని భావం. ఆవిడ దాన్ని మూసేసి పని సాగించింది. కాసేపటికి కంప్యూటరు బిగుసుకుపోయింది. సేవ్ చెయ్యని మూడు శుభలేఖలు గంగలో కలిశాయి. బాగుచేసేవాడొచ్చి, కొత్తది కొనుక్కోవడం తప్ప దారి లేదన్నాడు. "వదినా, ఏడాదంతా కొట్టినా ఆ డబ్బు రాదు" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అసలా మాటకు అర్థమేమిటో చూద్దాం. మన వంటింటి గట్టు ఉందే, అది కంప్యూటరులోని ర్యామ్ అనుకోండి. పని జరిగేది దానిమీదే. హార్డ్ డిస్కు అటక. గట్టు చాలనప్పుడు, ఇప్పుడిప్పుడే అక్కర్లేని గిన్నెలు అటక మీద ఓ మూలకు చేర్చి, కావలసినప్పుడు దింపుకుంటాం. ఆ మూలనే పేజ్ ఫైలు అంటారు. గట్టూ ఆ మూలా కలిపి ఒకటే పెద్ద చోటన్నట్టు ప్రోగ్రాములకు చూపించడమే వర్చువల్ మెమరీ. ఇది నిన్నమొన్నటి ఉపాయం కాదు. ఇంగ్లండులో మాంచెస్టరు విశ్వవిద్యాలయంవారి అట్లాస్ యంత్రంలో 1962 నాటికే ఉంది. గట్టూ నిండి, ఆ మూలా నిండబోతుంటే వచ్చే కేకే ఈ హెచ్చరిక. అంతేగాని కంప్యూటరుకు కాలం చెల్లిందని కాదు.

చాలామంది ఈ కేక వినగానే ఫొటోలు చెరిపేస్తారు. అటక నిండిపోయి ఆ మూల పెరగడానికి చోటు లేనప్పుడే దానివల్ల లాభం. మా ఆడపడుచు కంప్యూటరులో అదీ ఒక కారణమే. స్కాన్ చేసిన పెళ్ళి ఫొటోలన్నీ సి డ్రైవులో కుక్కి ఉన్నాయి, డి డ్రైవు ఖాళీగా ఉంది. ముందు వాటిని అక్కడికి మార్చాం.

అసలు దొంగ వేరే ఉన్నాడు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ప్రాసెసెస్ అన్నచోట ఏ ప్రోగ్రాము ఎంత మింగుతోందో కనిపిస్తుంది. పైన వ్యూలో సెలెక్ట్ కాలమ్స్‌కి వెళ్ళి వర్చువల్ మెమరీ సైజు కూడా పెట్టుకోండి. ఒకసారి చూసి వదిలెయ్యకండి, అక్కడే పొరపాటు జరుగుతుంది. మేము పొద్దున చూసి కాగితం మీద రాసుకున్నాం, అన్నాలు తిన్నాక మళ్ళీ చూశాం. పేజ్‌మేకర్ ఉన్నంతలోనే ఉంది. ఎవరూ ముట్టుకోని స్కానరు ప్రోగ్రాము మాత్రం పొద్దున 20 ఎంబీ ఉన్నది 180కి చేరింది! తీసుకున్న గిన్నె తిరిగి ఇవ్వని పొరుగింటావిడ లాంటిదన్నమాట. ఇలాంటిది ఉండగా మీరెంత చోటు పెంచినా రెండురోజులకు మళ్ళీ నిండుతుంది. స్టార్ట్‌లో రన్ తెరిచి ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి, స్టార్టప్ జాబితాలో దాని ఎదురుగా ఉన్న టిక్కు తీసేశాం. స్కానరుతో పని పడ్డప్పుడే తెరుస్తుంది, అవగానే మూసేస్తుంది. ఆ జాబితాలో పేరు తెలియనివాటి జోలికి మాత్రం పోకండి.

ఆ తర్వాతే పేజ్ ఫైలు సంగతి. మై కంప్యూటర్ మీద మౌసు కుడి మీట నొక్కి ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, మళ్ళీ అడ్వాన్స్‌డ్, అక్కడ వర్చువల్ మెమరీ కింద చేంజ్. ఎక్స్‌పీ మామూలుగా ర్యామ్‌కి ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి మూడు రెట్లదాకా పోనిస్తుంది. ఆవిడ ర్యామ్ 256 ఎంబీ. అంటే 384 నుంచి 768 దాకా ఉండాలి. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, అక్కడ మొదటి గడిలో 200 అని ఉంది! రెండింటిలోనూ 768 వేసి, సెట్ నొక్కి, ఓకే చేసి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాం. సెట్ నొక్కడం మరిచిపోతే పడ్డ శ్రమంతా వృథా. రెండు అంకెలూ ఒకటే ఎందుకంటే, పని మధ్యలో పెంచుకునే అవస్థ ఉండదు.

ఇంత చేసినా అటక అటకే, గట్టు గట్టే. డిస్కు ర్యామ్‌కన్నా ఎన్నో రెట్లు నెమ్మది. మాటిమాటికీ ఎక్కి దిగాల్సివస్తే లైటు మిణుకుమిణుకుమంటూ పని నత్తనడక నడుస్తుంది. దానికి మందు ర్యామ్ పెంచడమే. అందుకని పాత సామాను దుకాణంలో 512 ఎంబీ ముక్క ఒకటి కొనిపించాను. దుకాణానికి వెళ్ళేటప్పుడు పాత ముక్కను వెంట తీసుకెళ్ళండి. డీడీఆర్‌కీ, డీడీఆర్ 2కీ గాటు ఉండే చోటు వేరు, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. ముక్కను తీసేముందు ప్లగ్గు ఊడదీయడం మరవకండి.

ఇంకొక మాట. రక్షణ సవరణలు ఆగిపోయిన ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్టు తీగ తగిలించవద్దని ఆవిడకు గట్టిగా చెప్పాను. శుభలేఖలు పెన్ డ్రైవులో పంపుతోంది. ప్రెస్సునుంచి తిరిగొచ్చిన పెన్ డ్రైవును ముందు మా అబ్బాయి కంప్యూటరులో వైరస్ పరీక్ష చేయించి గాని తనదానికి పెట్టదు. బుడగ మళ్ళీ లేవలేదు. అయినా ఆవిడ పెళ్ళికూతురు పేరు కొట్టగానే ఒకసారి, పెళ్ళికొడుకు పేరు కొట్టగానే ఒకసారి సేవ్ నొక్కుతూనే ఉంది.