దొరకలేదంటే లేదని కాదు
(సచిన్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూరత్ మరమగ్గాల ఇళ్ల నుంచి పరిశోధన వైపు వస్తున్న మీకు ఒక్క మాట. వెతికితే దొరకనంత మాత్రాన మన చరిత్ర లేదని రాసేయకండి.

1920ల నాటి ప్రభుత్వ రికార్డుల్లో ‘దళిత్’ అని వెతికితే పెద్దగా ఏమీ రాదు. అప్పటి అధికారులు రాసింది ‘డిప్రెస్డ్ క్లాసెస్’. ‘షెడ్యూల్డ్ కాస్ట్స్’ 1935 చట్టంతో వచ్చింది. 1917లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభ ‘పంచమ’ పేరును కాదని ‘ఆది ఆంధ్ర’ అంది. అందుకే ఈ పేర్లన్నీ ఇంగ్లిష్‌లో కొట్టి, మధ్యలో పెద్దక్షరాల్లో ‘ఓఆర్’ పెట్టండి. రెండు మాటల పేరును కొటేషన్ గుర్తుల్లో ఉంచండి. బెజవాడతో పాటు విజయవాడ అనీ వెతకండి. పద్మశాలి స్పెల్లింగు ‘హెచ్’తో ఒకసారి, లేకుండా ఒకసారి చూడండి.

మన గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చదవొచ్చు. ఒక మంచి గ్రంథం చివరి ఆధారాల పట్టికలో కొత్త పేర్లు దొరుకుతాయి. వాటితో మళ్లీ వెతకండి.

అధికారులు మన పెద్దలను ఏ పేరుతో రాశారో ఆ పేరుతో వెతుకుదాం. దొరికాక, వాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరుతో రాద్దాం.