మూలికా ఔషధాల శుభ్రత



గోదావరి తీరాన ఉన్న ఈ నాందేడ్ నగరానికి తరలివచ్చిన మన కుటుంబాలు మాతృభాషతోపాటు ఇంటివైద్యాన్ని కూడా వెంట తెచ్చుకున్నాయి. పసిబిడ్డకు కడుపు ఉబ్బితే వాము నీళ్ళు, మాటలు త్వరగా రావాలని వసకొమ్ము, జలుబుకు శొంఠి కషాయం మనకు పరిపాటి. ఇక్కడి మరాఠీ తల్లులు కూడా మూలికలను సానరాయిపై అరగదీసి ‘బాళగుటి’ పట్టిస్తారు. ఈ సంప్రదాయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అంగడిలో విడిగా అమ్మే మూలిక మన చేతికి ఏ దారిన వస్తున్నదో ఆలోచించమని మాత్రమే విన్నవిస్తున్నాను.

వేరు మట్టిలో పెరుగుతుంది. పశువుల ఎరువు తగిలిన నేలపై ఎండుతుంది. గోనెసంచిలో చెమ్మ పడుతుంది. కడగని రోటిలో చూర్ణమవుతుంది. ఈ ప్రతి దశలోనూ బ్యాక్టీరియా చేరగలదు. ఎండినంత మాత్రాన అది పూర్తిగా నశించదు. కొన్ని రకాలు గట్టి పొరగల స్పోర్లుగా మారి, మరిగే నీటిని సైతం తట్టుకుంటాయి. కాచిన కషాయాన్ని రాత్రంతా బయట ఉంచితే అవి మేల్కొని వృద్ధి చెందుతాయి.

2002-03లో జర్మనీలో 13 నెలలలోపు పసిపిల్లలు 42 మందికి సాల్మొనెల్లా వ్యాధి సోకింది. సోంపు జాతి గింజలు కలిసిన మూలికల టీ అందుకు కారణమని దర్యాప్తులో తేలింది. కడుపునొప్పి తగ్గాలని మనం పట్టించే నీళ్ళు కూడా అటువంటివే కదా!

భారత ఆయుర్వేద ఫార్మకోపియా సైతం ఈ విషయంలో హద్దులు విధించింది. లోపలికి తీసుకునే మందు ఒక గ్రాములో బ్యాక్టీరియా 1,00,000కు, బూజు, ఈస్టు కలిపి 1,000కి మించరాదు. సాల్మొనెల్లా, ఇ. కోలి అసలే ఉండరాదు. లైసెన్సు పొందిన తయారీదారు లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ముద్రించాలి. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే చూర్ణానికి ఈ ఆధారాలేవీ ఉండవు.

కనుక కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తాను. విడి చూర్ణానికి బదులు బూజు లేని ముడి మూలికను కొని, కడిగి, బాగా ఎండబెట్టి, ఇంటనే దంచుకోండి. కషాయాన్ని ఏ పూటకాపూట కాచి, మిగిలినది పారబోయండి. ఆరు నెలలు నిండే వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప వస గానీ, వాము నీళ్ళు గానీ పట్టించకండి. బొడ్డుపై, పుండ్లపై ఏ పొడీ చల్లకండి. ధనుర్వాతం ప్రమాదం ఉంది. విరేచనాలు, జ్వరం, మలంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి. వాడిన మందు పొట్లాన్ని కూడా తీసుకువెళ్ళి, ఏమి ఇచ్చారో దాచకుండా వైద్యునికి చెప్పండి.

మన అమ్మమ్మలు పెరటి మొక్కను తామే కోసి, కడిగి, దంచి ఇచ్చేవారు. ఆ శుభ్రత కూడా ఆ వైద్యంలో భాగమే. మందుతోపాటు దానిని సైతం నిలుపుకుందాం.