ఛాలెంజ్ ఒక్కడిది కాదు, మనందరిదీ

ఈ ఎపిసోడ్‌లో ఫిట్‌నెస్ ఛాలెంజ్‌ల గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తున్నా, నేను ట్రైనర్‌ని కాదు. ఛాలెంజ్ మొదలుపెట్టి మధ్యలో చేతులెత్తేసిన బాపతు.

2018 మే నెల గుర్తుందా? అప్పటి కేంద్ర క్రీడల మంత్రి రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ తన ఆఫీసులోనే పుషప్స్ తీసి వీడియో పెట్టారు. విరాట్ కోహ్లీ, హృతిక్ రోషన్, మన సైనా నెహ్వాల్ పేర్లు చెప్పి మీరూ చేయండన్నారు. ఇంకేముంది, ఫోన్ తెరిస్తే పుషప్సే!

నేనూ దిగా. ముప్పై రోజుల ఛాలెంజ్, రోజుకి ఐదు పెంచాలి. మొదటి రోజు 5, పదో రోజుకి 50, ముప్పయ్యో రోజుకి 150. కాగితం మీద బాగానే ఉంది. తొమ్మిదో రోజుకి చొక్కా వేసుకోడానికి కూడా భుజం లేవలేదు. మానేశా. ఎందుకు మానేశావురా అని అడిగినవాడు కూడా లేడు. ఎందుకంటే నాతో ఎవరూ లేరు, ఫోన్ తప్ప.

తర్వాత తెలిసింది, తప్పు నా బద్ధకానిది కాదు, ఆ లెక్కది. కండకి పనెంత ముఖ్యమో విశ్రాంతీ అంతే ముఖ్యం. 'కౌచ్ టు 5కె' అనే ప్లాన్ ఉంది చూడండి, అందులో వారానికి మూడు రోజులే. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచాక, 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక, ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. అంతే! తొమ్మిది వారాల్లో ఐదు కిలోమీటర్లకి చేరుస్తుంది.

ఈసారి ఒక్కణ్ణే వెళ్లలేదు. మా కాలనీ గ్రౌండ్‌లో పొద్దున్నే ఆరింటికి నలుగురం కలిశాం. అక్కడే నేనో పెద్ద తప్పు చేశా. మాలో ఒకడు కొంచెం లావు. వాడు ఆయాసపడుతుంటే సరదాగా వీడియో తీసి స్టేటస్ పెట్టా. అందరూ నవ్వారు. మర్నాడు వాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోన్ చేస్తే "కాలు నొప్పిరా" అన్నాడు. నొప్పి కాలుకి కాదని నాకు తెలుసు.

నాలుగో రోజు వాళ్లింటికెళ్లి సారీ చెప్పా. వాడేమన్నాడో తెలుసా? "నేను రన్నింగ్‌కి రావడానికి ఆర్నెల్లు ధైర్యం కూడగట్టుకున్నా. నువ్వు పదిహేను సెకన్లలో పోగొట్టావు." ఏం మాట్లాడను నేను!

ఆ రోజు నుంచి మాకు మూడు రూల్స్. ఒకటి, అడగకుండా ఎవరి వీడియో తీయకూడదు. రెండు, అందరికంటే మెల్లగా వెళ్లేవాడి స్పీడే అందరి స్పీడ్. మూడు, రానివాణ్ణి తిట్టకూడదు, "రేపొస్తావా?" అని అడగాలి. వాడు మళ్లీ వచ్చాడు. ఇప్పుడు పొద్దున్నే మమ్మల్ని లేపేది వాడే.

ఇంకో మాట. రోజుకి పదివేల అడుగులు వేయాల్సిందేనని కంగారుపడకండి. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల మీటర్ పేరుకే పదివేల అడుగుల మీటర్ అని అర్థం. ఆ అంకె అక్కణ్ణుంచి పాకింది. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఐదు రోజులు, రోజుకి అరగంట.

అలాగే పంతానికి పోయి వందల గుంజీళ్లు తీయకండి. అలా చేశాక కండలు విపరీతంగా నొప్పిపుట్టి, మూత్రం కోలా రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అది కిడ్నీలని దెబ్బతీయొచ్చు. ఛాతీలో నొప్పొచ్చినా అంతే, ఆపేసి డాక్టర్‌ని కలవాలి.

మరి మీకు నా ఛాలెంజ్. పుషప్స్ కాదు. ఈ వీడియో అయిపోగానే, గ్రౌండ్‌కి రావడానికి మొహమాటపడే ఫ్రెండ్ ఒకరికి కాల్ చేయండి. "రేపు ఆరింటికి మీ ఇంటి ముందుంటా, ఊరికే నడుద్దాం" అనండి. అన్నాక మాత్రం తప్పకుండా వెళ్లండి!

మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.