చీటీ ఎవరికి పడింది: పోర్చుగల్‌లో నిర్బంధ సైనిక సేవ

బుడతకీచులు, అంటే పోర్చుగీసువాళ్లనగానే మనకు ఓడలు, మిరియాల బేరం, గోవా గుర్తొస్తాయి. వాళ్ల సామ్రాజ్యానికి కాపలా కాసిన సిపాయి ఇష్టపడి వెళ్లాడా, పట్టుకుపోతే వెళ్లాడా అని మనం పెద్దగా అడగలేదు. ఆ ప్రశ్నతో వాళ్ల చరిత్ర చదివితే నాకు తోచింది ఇది: నిర్బంధ సేవ చట్టంలో అందరిదీ, ఆచరణలో పేదవాడిదీ అయినంతకాలం పాలకులకు దానివల్ల పెద్ద ముప్పు రాలేదు. చదువుకున్న ఇళ్ల గడప తొక్కాకే అది వాళ్ల మెడకు చుట్టుకుంది.

సెబాస్టియన్ రాజు 1570లో ఊరూరా వయసు వచ్చిన మగవాళ్ల పేర్లు రాయించి దళాలుగా కట్టించాడు. జాబితా మాత్రం స్థానిక పెద్దమనుషుల చేతిలో పెట్టాడు. ఎవరి పేరు చేర్చాలో, ఎవరిది వదిలేయాలో తేల్చేది వాళ్లే కనుక పలుకుబడి ఉన్నవాడి కొడుకు ఇంటిపట్టునే ఉండేవాడు. రాజు 1578లో మొరాకోలో యుద్ధానికి పోయి చనిపోయినా ఆ ఏర్పాటు రెండు శతాబ్దాలకు పైగా నిలిచింది. 1855 చట్టం చీట్లు తీసే పద్ధతి తెచ్చింది. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కాని చీటీ పడినవాడు సొమ్ము కట్టి తప్పించుకోవచ్చు, లేదా బదులు మనిషిని పంపవచ్చు. అదృష్టం అందరికీ సమానమే, దురదృష్టానికి మాత్రం వెల కట్టారు.

రాజరికం పోయాక 1911లో రిపబ్లిక్ ప్రభుత్వం ఆ వెసులుబాటు తీసేసింది కదా, అక్కడితో అన్యాయం పోలేదా అనవచ్చు. చట్టంలో పోయింది. కాని మొదటి ప్రపంచ యుద్ధంలో 1917 నుంచి ఫ్రాన్స్‌కు పంపిన యాభై వేల పైచిలుకు మందిలో ఎక్కువమంది పల్లె రైతుల బిడ్డలు. సెలవు మీద స్వదేశం వెళ్లిన ఆఫీసర్లలో చాలామంది తిరిగి రాలేదు. కందకంలో ఉన్న సిపాయికి ఆ దారి లేదు. 1918 ఏప్రిల్ 9న లీస్ నది దగ్గర జర్మన్ దాడికి బలైంది అతనే.

అసలు మలుపు 1961. ఆ ఏడాది ఆఫ్రికా వలసలైన అంగోలాలో, 1963లో గినీలో, 1964లో మొజాంబిక్‌లో యుద్ధం మొదలైంది. తొంభై లక్షల జనాభా కూడా లేని దేశం మూడు చోట్ల పోరాడాలి. 1961 డిసెంబరులోనే గోవాలో, గెలవండి లేదా చావండి అన్న నియంత సలాజార్ ఆదేశాన్ని పక్కనపెట్టి గవర్నర్ వస్సాలో ఎ సిల్వా భారత సైన్యానికి లొంగిపోయాడు. మూడు వేల మందికి పైగా సైనికుల ప్రాణాలు దక్కాయి. ఆయన్ను మాత్రం సైన్యం నుంచి వెళ్లగొట్టారు. ప్రజల బిడ్డల్ని ఆ ప్రభుత్వం ఏ లెక్కన చూసిందో చెప్పడానికి నాకు ఇదొక్కటి చాలు. ఆఫ్రికా సేవ రెండేళ్లు, శిక్షణ దానికి అదనం. వేలాదిమంది యువకులు దొంగదారిన సరిహద్దు దాటి ఫ్రాన్స్ చేరారు. 1969లో కోయింబ్రా విశ్వవిద్యాలయంలో ఆందోళన చేసిన 49 మంది విద్యార్థుల్ని శిక్షగా సైన్యంలోకి లాగారు. అసమ్మతిని సర్కారే తన ఖర్చుతో బ్యారక్‌కు చేర్చిందన్నమాట.

నియంతృత్వాన్ని కూల్చిన 1974 ఏప్రిల్ 25 తిరుగుబాటు వృత్తి సైనికులైన కెప్టెన్లది, నిర్బంధ సేవలో ఉన్నవాళ్లది కాదన్న అభ్యంతరం బలమైనదే. అయితే ఆ కెప్టెన్లను మొదట కూడగట్టింది ఏమిటి? ఆఫీసర్ల కొరత తట్టుకోలేక ప్రభుత్వం 1973 జూలైలో ఒక ఉత్తర్వు తెచ్చింది. నిర్బంధ సేవకు వచ్చిన ఆఫీసర్లు కొద్దిపాటి కోర్సుతో శాశ్వత ఉద్యోగులు కావచ్చన్నది. ఏళ్ల తరబడి అకాడమీలో చదివి వచ్చినవాళ్లకు ఒళ్లు మండింది. స్వార్థమే, కాదనను. కాని ఆ కొరతకు మూలం సాగదీసిన నిర్బంధ యుద్ధమే. ఆ రోజు లిస్బన్‌లో తేజో నది ఒడ్డున ఒక బ్రిగేడియర్ తిరుగుబాటుదార్ల మీద కాల్చమన్నాడు. ముందు ఓ చిన్న ఆఫీసరు కాదన్నాడు. తర్వాత ట్యాంకు గన్నరు, ఓ మామూలు కార్పొరల్, మూత వేసుకుని లోపలే ఉండిపోయాడు. పారిపోయినవాళ్లు ఆ ప్రభుత్వాన్ని బలహీనపరిచారు. కూల్చింది మాత్రం పిలిస్తే వచ్చినవాళ్లే.

దేశరక్షణ భారం అందరూ పంచుకోవాలన్న వాదన తప్పని నేననను. ఎక్కడికి, ఎందుకు పంపుతున్నారో అడిగే హక్కు లేనిచోట ఆ పంపకం వెట్టిచాకిరీయే. పోర్చుగల్ 1999లో చట్టం చేసి, 2004 నవంబరులో శాంతికాలపు నిర్బంధ సేవను ఎత్తేసింది. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు వచ్చిన యువతీ యువకులు జాతీయ రక్షణ దినం పేరిట ఒక్కరోజు హాజరైతే సరిపోతుంది.