చేతి కత్తి: వెల, విలువ
(సూరత్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతిదినమూ కత్తి పట్టి పనిచేసే మీ ముందు కత్తిని గురించి ప్రసంగించడం కమ్మరి వీధిలో సూదులమ్మడం వంటిదే. అయినా వేతన సంఘాల గురించి, కరువు భత్యము గురించి లెక్కలేనన్ని పర్యాయాలు చర్చించుకున్న మనము, నిత్యమూ చేతిలో ఉండే పనిముట్టును గురించి ఒక్కనాడైనా కూర్చొని ఆలోచించలేదు. ఆ లోటును ఈనాడు కొంతైనా తీర్చుకుందామని మా కోరిక.

ఈ సూరత్ నగరము గుడ్డల నగరము. ఇక్కడి మరమగ్గాలపై నేసే చేతుల్లో, తెలంగాణ జిల్లాల నుండి వలసవచ్చి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన మన పద్మశాలీల చేతులు కూడా ఉన్నాయి. మగ్గం దగ్గర పోగు తెంచడానికి, పార్సిల్ కార్యాలయంలో బేలు గోనె కుట్టు విప్పడానికి, ఆర్.ఎం.ఎస్.లో సంచి తాడు కోయడానికి, సిగ్నల్ విభాగంలో కేబుల్ పైతొడుగు ఒలవడానికి కావలసినది ఒక చిన్న కత్తే. అది మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్న మన చేతివేళ్ళకూ, మన ఉద్యోగానికీ సంబంధించిన ప్రశ్న.

మేమెరిగిన ఒక సార్టరు సోదరుని అనుభవము చెబుతాము. ఆయనకు ఇచ్చిన కత్తి మొండిది. సంచి తాడును కోయడానికి రంపము లాగినట్లు లాగవలసివచ్చింది. ఆ ఊపులో లక్కముద్ర పగిలింది. కత్తి జారి ఎడమ బొటనవేలి నరము తెగింది. గాయము మానింది గాని, ఆ వేలు మరల పూర్తిగా వంగలేదు. పైగా ఆ సంచిలో ఒక వస్తువు తక్కువ వచ్చింది. ముద్ర ఎందుకు పగిలిందో సంజాయిషీ ఇమ్మని ఆయనను అడిగారు. ఆ కత్తిని ఎవరు కొన్నారని మాత్రము ఎవరూ అడగలేదు. పదునైన కత్తి ప్రమాదకరమని లోకము అనుకుంటుంది. నిజానికి ఎక్కువ బలము ప్రయోగింపజేసి, జారి, చేతిని కోసేది మొండి కత్తే.

ఇక మంచి కత్తిని గుర్తించడమెలా? మొదట చెప్పవలసినది మడత కత్తిని గురించి. జేబులో పెట్టుకోవడానికి అది సౌకర్యమే. కాని గట్టిగా గుచ్చి నెట్టినప్పుడు కీలు వదులైతే వేళ్ళ మీదికే మూసుకుంటుంది. రోజంతా పనిచేసేవారికి మడత లేని కత్తి, దానికి ఒక గట్టి ఒర ఉండటమే క్షేమము. తాళ్ళు, గోనెపట్టా, కేబుల్ తొడుగు వంటి పనులకు మూడు నాలుగు అంగుళాల అలుగు, రెండు మూడు మిల్లీమీటర్ల మందము చాలును. అంతకు మించినది చేతికి బరువే గాని పనికి బలము కాదు.

రెండవది ఉక్కు. అద్దములా మెరిసినంత మాత్రాన కత్తి మంచిది కాదు; పైన పటారం, లోన లొటారం కావచ్చును. ఉక్కు బాగా గట్టిపడి పదును నిలవాలంటే అందులో కర్బనము నూటికి సుమారు 0.6 పాళ్ళు ఉండాలి. త్రుప్పు పట్టని ఉక్కులో క్రోమియము నూటికి పన్నెండు, పదమూడు పాళ్ళు ఉంటుంది, అదీ మంచిదే. కాని కర్బనము లేకుండా క్రోమియము మాత్రమే ఉంటే మిగిలేది మెరుపే. ఉక్కు ఎంత మంచిదైనా, కాల్చి చల్లార్చి సరిగా పాయనము పెట్టకపోతే అదీ వ్యర్థమే. పాయనము ఎక్కువైతే పెళుసు, తక్కువైతే మెత్తన.

దీనిని పరీక్షించడానికి ప్రయోగశాల అవసరము లేదు. వాదర మొదట్లో ఆకురాయితో మెల్లగా రుద్ది చూడండి. ఆకురాయి కొరుక్కుపోతే ఉక్కు మెత్తనిది, జారిపోతే గట్టిది. తరువాత ఇత్తడి కడ్డీ మీద వాదరను ఏటవాలుగా ఆనించి కొద్దిగా అదమండి. మంచి వాదర అణుమాత్రము వంగి తిరిగి యథాస్థితికి వస్తుంది. వంగి అలాగే ఉండిపోతే మెత్తనిది. పెచ్చు లేస్తే పెళుసుది. వాదరను వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. ఎక్కడ తెల్లని గీత మెరిస్తే అక్కడ పదును లేదని అర్థము.

మూడవది పిడి. పిడి లోపలికి పోయే ఉక్కు భాగము పిడి చివరి వరకు ఉన్నదా, లేక అంగుళముతో ఆగిపోయినదా అని అడిగి తెలుసుకోండి. పొన్ను వదులుగా ఉన్నా, రివిట్లు కదులుతున్నా ఆ కత్తి వద్దు. చెమట చేతితో పట్టినా జారనిది, వేళ్ళు వాదర మీదికి పోకుండా ముందు కొంచెము ఎత్తు ఉన్నది ఎంచుకోవాలి.

మంచి కత్తి అంటే ఖరీదైన కత్తి అని ఎవరూ భ్రమపడనవసరము లేదు. స్వీడన్ దేశంలోని మోరా పట్టణపు కత్తులు చవకైనవి, ఏ అలంకారమూ లేనివి. అయినా అక్కడి వడ్రంగులు, కూలీలు తరతరాలుగా వాటినే వాడుతున్నారు. అక్కడ పెట్టిన ఖర్చంతా పాయనము మీదనే గాని నగిషీ మీద కాదు. మన గుజరాత్‌లోనే బాట ప్రక్కన కొలిమి పెట్టుకొనే గాడులియా లోహార్ కుటుంబాలున్నాయి. లారీ కమాను పట్టీ ఉక్కుతో ఓపికగా సాగగొట్టిన కత్తి, దుకాణంలోని మెరుపు కత్తిని మించగలదు.

ఇక్కడ రైల్వే సోదరులకు ఒక హెచ్చరిక. పట్టా ముక్కో, పాత స్ప్రింగో తెచ్చి కత్తి చేయించుకోవాలన్న ఆలోచన రానీయకండి. 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టము క్రింద మొదటి నేరానికే ఐదు సంవత్సరాల వరకు శిక్ష పడవచ్చును. అలాగే పని కత్తిని ఒరలో ఉంచి పనిముట్ల పెట్టెలోనే వదలండి. నడుమున దోపుకొని బజారులో తిరిగితే పోలీసు ఆంక్షలకు గురికావలసివస్తుంది.

వెల సంగతి లెక్కవేద్దాము. అరవై రూపాయల కత్తి రెండు నెలలకే పనికిరాకుండా పోయిందనుకుందాము. మూడేళ్ళలో పద్ధెనిమిది కత్తులు, వెయ్యిన్ని ఎనభై రూపాయలు. రెండువందల యాభై రూపాయల కత్తి, నూరు రూపాయల సానరాయితో కలిపి మూడేళ్ళు వస్తే మొత్తము మూడువందల యాభై. చవక ఏది? ఈ లెక్కలో తెగిన నరము వెల మేము వేయలేదు. అయితే మంచి కత్తి కూడా పోషణ కోరుతుంది. వారానికొకసారి సానపట్టాలి. గ్రైండరు చక్రము మీద వాదర నీలిరంగు తిరిగేదాకా కాల్చితే పాయనము పోయినట్లే. మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి. సముద్రపు గాలి తగిలే ఈ సూరత్‌లో, వర్షాకాలంలో, తుడిచి నూనె రాయకపోతే త్రుప్పు తప్పదు.

మిత్రులారా, ఉక్కును పరీక్షించడం మన గడ్డకు క్రొత్త కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో మూసలలో కరగించిన ఉక్కు పర్షియాకు పోయేది. 1820 ప్రాంతంలో ఇస్ఫహాన్ నుండి వచ్చిన ఒక వర్తకుడు అక్కడ కూర్చొని, దినుసులను తానే తూచి, ఉక్కు గట్టిదనాన్ని తానే పరీక్షించుకొనేవాడని సర్వే శాఖకు చెందిన వాయ్సీ వ్రాశాడు. అంత దూరము నుండి వచ్చినవాడు చూసి కొన్నాడు. మన కార్యాలయాలలో మాత్రము కత్తిని కొనేవారు దానిని వాడరు. వాడేవారికి దానిని చూసే అవకాశమే లేదు. టెండరులో అతి తక్కువ వెల పలికినదే పొదుపు అని వ్రాసుకుంటారు.

కాబట్టి శాఖలన్నిటికీ మా విజ్ఞప్తి. ప్రతి శాఖ ఒక పుస్తకము తెరవాలి. ఏ కత్తి ఏనాడు ఇచ్చారు, ఎన్నాళ్ళకొకసారి సానపట్టవలసివచ్చింది, ఏనాడు పారవేశారు, ఎవరి చేయి తెగింది అన్నవి అందులో తేదీలతో వ్రాయాలి. ఆరు నెలల తరువాత ఆ పుస్తకాన్ని అధికారుల ముందు ఉంచి, కొనుగోలుకు ముందు నమూనాలను పనివారి చేత పరీక్షింపజేయాలని కోరుదాము. పనిముట్టు సమకూర్చడం యాజమాన్యము బాధ్యత. దాని మంచిచెడ్డలు చెప్పడం మన హక్కు. ఆవేశముతో చెప్పిన మాటను కాదనవచ్చును గాని, తేదీలతో వ్రాసిన పుస్తకాన్ని కాదనడం కష్టము.

రేపు పనికి పోగానే ప్రతి ఒక్కరూ తమ కత్తిని ఒకసారి వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. పుస్తకంలో మొదటి పంక్తి అదే కావాలి.