ఖాతా ధ్రువీకరణ పేరుతో బెదిరింపు
(స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"24 గంటల్లో మీ వివరాలు ధ్రువీకరించకపోతే ఖాతా నిలిపివేస్తాం." ఇలాంటి ఈమెయిల్ మనలో చాలామందికి వచ్చే ఉంటుంది. కింద ఒక లింకు. నొక్కితే అచ్చం బ్యాంకుదో, గూగుల్‌దో అనిపించే పేజీ. అందులో మనం రాసే పాస్‌వర్డు, ఓటీపీ మోసగాళ్ల చేతికి వెళతాయి. దీన్నే ఫిషింగ్ అంటారు.

ఈ ఉత్తరానికి పెట్టుబడి మన భయం. అది అధికారి గొంతుతో మాట్లాడుతుంది, పక్కవారిని అడిగే వ్యవధి ఇవ్వదు. 2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ఎన్నికల ప్రచార సారథి జాన్ పొడెస్టాకు గూగుల్ పేరుతో ఇలాంటిదే వచ్చింది. కంప్యూటర్ సిబ్బందిని అడిగితే అది నిజమైనదేనని జవాబొచ్చింది. ఆ అక్టోబరులో ఆయన ఉత్తరాలు వేలకొద్దీ వికీలీక్స్‌లో బయటపడ్డాయి. అంతటివాళ్లు మోసపోయిన చోట "ఆడవాళ్లకు ఇవేం తెలుస్తాయి" అనడం అన్యాయం.

మన సంస్థల మెయిల్‌లో డబ్బుకంటే విలువైనవి ఉంటాయి. హింస నుంచి బయటపడిన స్త్రీల పేర్లు, వాళ్లు తలదాచుకున్న చోట్లు, కేసు కాగితాలు. ఒక్క పాస్‌వర్డు పోతే ప్రమాదం వాళ్లకే.

కనుక పంపినవారి పేరుతో సరిపెట్టుకోకుండా పూర్తి చిరునామా చదవాలి. లింకులో బ్యాంకు పేరు కనబడినంత మాత్రాన నమ్మకూడదు, ఆ పేరును ఎవరైనా ఇరికించగలరు. అక్షరదోషాలు లేకపోవడమూ రుజువు కాదు. లింకు నొక్కకుండా, మనకు తెలిసిన చిరునామా మనమే టైపు చేసి చూడాలి, లేదా పాస్‌బుక్కు మీది నంబరుకు ఫోన్ చేసి అడగాలి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి.

అయినా మోసం జరిగితే? వెంటనే పాస్‌వర్డు మార్చాలి, ఎవరి వివరాలు అందులో ఉన్నాయో ఆ స్త్రీలకు చెప్పాలి. డబ్బు పోతే బ్యాంకుకు, 1930 నంబరుకు ఆలస్యం లేకుండా తెలపాలి. ఖాతాదారు తానే వివరాలు ఇచ్చినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. మారువేషంతో చేసే ఇలాంటి మోసానికి ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది.

కానీ ఇంట్లో తిడతారని, ఆఫీసులో నవ్వుతారని దాచుకున్న ప్రతి గంటా మోసగాళ్లకే కలిసొస్తుంది. "ఆ వేళప్పుడు ఎందుకు వెళ్లావు?" అనే ప్రశ్నను మనం ఎన్నడో తిరస్కరించాం. "ఎందుకు నొక్కావు?" అన్నదీ అదే కోవది. మోసపోయిన స్త్రీని మనం అడగాల్సింది ఒక్కటే: "ఎప్పుడు జరిగింది? పద, ఫిర్యాదు చేద్దాం."