చెట్టు చాటూ, గబ్బిలం మాటా



మాస్టారికి పద్యమంటే ప్రాణం, పొగడ్తంటే చిరాకు. అందుకని ఆయన్ని పొగిడే పని పెట్టుకోకుండా నేరుగా విషయంలోకి వెళ్తాను. మాస్టారి పేరిట జరిగే ఈ ఏటి స్మారకోపన్యాసానికి నిర్వాహకులు నాకిచ్చిన అంశంలో కవిత్వం ఉంది, ప్రకృతి ఉంది, ఊరట ఉంది, చివర్లో ధైర్యం కూడా ఉంది. ఊరట గురించి మాట్లాడడం తేలిక. కాసేపు తోటలో తిరిగొస్తే మనసు కుదుటపడుతుందని ఎవరైనా చెబుతారు. ధైర్యం సంగతి అంత తేలిక కాదు. ఊరట దొరికిన ప్రతివాడికీ ధైర్యం రాదు. మన కవుల్లో అది ఎలా వచ్చిందో నాకు తోచినంతలో చెబుతాను.

నొచ్చిన మనసుకు ప్రకృతితో వైద్యం చేయడం మన కావ్యాల్లో పాత అలవాటే. ప్రబంధ నాయిక విరహంతో వేగిపోతుంటే చెలికత్తెలు తామరాకుల పక్క వేస్తారు, మంచిగంధం పూస్తారు, పన్నీరు చల్లుతారు, లేత అరటాకుతో విసురుతారు. వీటికి శిశిరోపచారాలని పేరు. ఇంత చేసినా జబ్బు నయమైన దాఖలా ఒక్క ప్రబంధంలోనూ ఉండదు. గంధం ఒంటిమీదే ఎండి రాలిపోతుంది, తామరాకు కమిలిపోతుంది. ఇక లాభం లేదని అమ్మాయి చంద్రుణ్ణి తిట్టడం మొదలుపెడుతుంది. దానికీ ఒక పేరుంది, చంద్రోపాలంభనం అని. ఈ వైద్యం పనిచేసి ఉంటే ప్రబంధాలు రెండు ఆశ్వాసాల్లో ముగిసేవి, మనం పరీక్షలకు చదవాల్సింది కొంత తగ్గేది. అయితే ఒకటి గమనించండి. అక్కడ వసంతమూ, చంద్రోదయమూ, తోటా, కొలనూ అష్టాదశ వర్ణనల పట్టికలో ఉన్నాయి కాబట్టి వచ్చాయి. బాధ నాయికది. కవి పక్కన నిలబడి చేయి తిరిగిన పనివాడిలా వర్ణిస్తాడు. తన గుండె మీద చెయ్యి వేసుకోడు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ ఏర్పాటు చెదిరింది. 1910లో గురజాడ ముత్యాల సరాలతో పద్యానికి కొత్త నడక నేర్పారు. 1913లో రాయప్రోలు సుబ్బారావు తృణకంకణం వచ్చింది. భావకవిత్వం అని తర్వాత పేరు పెట్టుకున్న ఆ ధోరణిలో, ఆ తామరాకుల పక్క మీదికి కవే వచ్చి పడుకున్నాడు. రోగి అతనే, చెలికత్తె అతనే.

ఆ రోగుల్లో అందరికంటే ప్రసిద్ధుడు మన ప్రాంతంవాడే. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు 1897లో పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టారు. తండ్రిగారూ, పెదనాన్నగారూ పిఠాపురం సంస్థానంలో పేరున్న పండితులు. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి ప్రభావంతో ఆయన బ్రహ్మసమాజం వైపు వెళ్లారు. 1920లో వైద్యం కోసం రైల్లో బళ్ళారి బయల్దేరారు. గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా పోయే ఆ రైలుదారి నల్లమలను చీల్చుకుని వెళ్తుంది. దిగువమెట్ట దాటాక ఇరుపక్కలా అడవి పెట్టెను ఒరుసుకున్నట్టే ఉంటుంది. ఆయన కృష్ణపక్షం కావ్యానికి ప్రేరణ ఆ ప్రయాణంలోనే దొరికిందని సాహిత్య చరిత్ర చెబుతుంది. పుస్తకం 1925లో వచ్చింది. మధ్యలో, 1922లో, ఆయన భార్య చనిపోయారు.

ఆ కావ్యంలో మనందరికీ నోటికొచ్చిన గీతం ఒకటుంది. అడవిలో చెట్టుకీ కొమ్మకీ భాగమైపోయి, ఎవరికీ కనబడకుండా అక్కడే ఉండిపోవాలన్నది అందులోని కోరిక. ఆయన పోయిన రెండేళ్లకు, 1982లో, ఆ గీతం మేఘసందేశం సినిమాకెక్కి ఊరూరా మైకుల్లో మోగింది. దాక్కుంటానన్న మనిషిని పందిట్లోకి లాక్కొచ్చి నిలబెట్టినట్టయింది. అది సరదా కోసం చెప్పాను. ఆ గీతంలో నాకు పట్టుబడిన సంగతి వేరు. జబ్బుతో ఉన్న కుర్రవాడు అడవిని మందు అడగడం లేదు, చోటు అడుగుతున్నాడు. మనుషుల మధ్య ఉంటే ఎలా ఉన్నావని అడుగుతారు, ఏ మందు వాడుతున్నావంటారు, ఏ డాక్టరంటారు. చెట్టు అడగదు. జబ్బుపడి లేచిన వాళ్లకి ఆ అడగకపోవడం ఎంత హాయో తెలుసు.

ఇలాంటి ఊరటకు ఇప్పుడు శాస్త్రం ఆధారాలు కూడా చూపిస్తోంది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికన్ పరిశోధకుడు సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషను అయిన 46 మంది రికార్డులు తీసి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన సగం మందిని, ఇటుక గోడ కనిపించిన సగం మందితో పోల్చితే, చెట్లవైపు వాళ్లు త్వరగా ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. మంచి మాటే. కానీ అందులో కొలిచింది ఊరటను. ధైర్యానికి కొలబద్ద ఆ కిటికీ దగ్గర లేదు.

కృష్ణశాస్త్రిగారి తొలి కవిత్వంలోనూ ధైర్యం పెద్దగా లేదని నా అభిప్రాయం. అభిమానులు నొచ్చుకోవద్దు. బతుకులో ఆయన పిరికివాడు కాడు. కళావంతుల ఇళ్ల ఆడపిల్లలకు పెళ్లిళ్లు జరిపించాలన్న సంస్కరణ ఉద్యమంలో తిరిగారు, అయినవాళ్లు దూరం పెడితే భరించారు. కవిత్వంలో మాత్రం చాలాకాలం కన్నీటి కొలను చుట్టూనే ప్రదక్షిణం చేశారు. ఆ కొలను అందమైనదే. కాని అక్కడినుంచి బయటికి దారి లేదు. గిరజాల జుట్టు పెంచుకుని ఆయన ధోరణిని అనుకరించిన కుర్రకవులకైతే కొలను కూడా లేదు, ప్రదక్షిణమే మిగిలింది.

ఇప్పుడు వినుకొండ వెళ్దాం. అక్కడి కవి గుర్రం జాషువాగారు 1895లో పుట్టారు, కృష్ణశాస్త్రిగారికంటే రెండేళ్లు పెద్ద. తల్లి మాదిగ, తండ్రి యాదవుడు. బళ్లోనూ బయటా అంటరానితనం ఆయన్ని వెంటాడింది. ఒక సభలో పద్యాలు చదివితే ఇతణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారని గొడవ చేసినవాళ్లున్నారు. అటువంటి మనిషి తోటలోకి వెళ్లి సేదతీరాలంటే ముందు ఆ తోట ఎవరిదో చూసుకోవాలి. నీడకీ నూతికీ యజమానులుండే ఊళ్లో ప్రకృతి అందరికీ ఒకేలా దొరకదు. భావకవులు ఈ సంగతి పట్టించుకోలేదు. వాళ్లకు అవసరం పడలేదు.

1941లో జాషువాగారు గబ్బిలం రాశారు. వరస కాళిదాసు మేఘదూతానిది. అక్కడ యక్షుడు మేఘాన్ని పంపుతాడు, ఇక్కడ అంటరానివాడు గబ్బిలాన్ని పంపుతాడు. అక్కడ సందేశం భార్యకు, ఇక్కడ కాశీలో ఉన్న విశ్వనాథుడికి. హంసా చిలకా మేఘమూ లాంటి పాత దూతలుండగా గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నారు? ఇంట్లోకి వస్తే అరిష్టమని మనం చీపురుపెట్టి తరిమే జీవి అది. పిట్టల్లోనూ జంతువుల్లోనూ సరిగ్గా ఎటూ చేర్చం. కానీ గర్భగుడి కప్పుకి వేలాడే హక్కు దానికుంది. దాన్నెవరూ కులం అడగలేదు. మనిషికి మూసిన తలుపు గబ్బిలానికి తెరిచి ఉంటుందన్న ఒక్క నిజం మీద కావ్యమంతా నిలబెట్టారు. పూజారి అటు వెళ్లిన వేళ కనిపెట్టి శివుడి చెవిన తన గోడు వేయమంటాడు కథానాయకుడు. మద్రాసు రాష్ట్రంలో అందరికీ గుళ్లలోకి దారి చూపే ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో, గబ్బిలం ఎగిరిన ఆరేళ్లకు.

ధైర్యం మన ఆధునిక కవిత్వంలోకి వచ్చిన చోటు ఇదని నా వాదన. జాషువాగారు ప్రకృతిని ఓదార్చమనలేదు, దానికి పని అప్పజెప్పారు. కథానాయకుడి బాధ తగ్గిందని కూడా కావ్యం చెప్పదు. బాధ అలాగే ఉంది, అది ఎవరికి తెలియాలో వాళ్ల దగ్గరికి బయల్దేరింది. ఓదార్పుకీ ఫిర్యాదుకీ ఉన్న తేడా అది. గిజిగాడి మీద ఆయన రాసిన పద్యాలు చూసినా ఇదే కనిపిస్తుంది. ఆ పిట్ట గూడల్లే పనితనం ఆయనకు ముఖ్యం. తన మనసులో దిగులు దాని ముక్కున కట్టరు.

దూతకి పని చెప్పడం కృష్ణశాస్త్రిగారు కూడా పదేళ్ల తర్వాత చేశారు. 1951లో బి.ఎన్. రెడ్డిగారి మల్లీశ్వరిలో విడిపోయిన ఇద్దరూ మేఘంతో కబురు పంపుకునే పాట మీరంతా ఎరుగుదురు. రేడియోకీ సినిమాకీ రాయడం మొదలుపెట్టాక ఆయన మారారు. వేరేవాళ్ల గొంతుకి, వేరేవాళ్ల బాధకి రాయాలి కదా. సినిమాకి వెళ్లి చెడిపోయారని అప్పట్లో కొందరన్నారు. నేనైతే సినిమా ఆయన్ని బాగుచేసిందంటాను.

తర్వాత 1963. గొంతు క్యాన్సరు. ఆపరేషనుతో మాట పోయింది. ఆంధ్రదేశమంతా తిరిగి తన పద్యాలూ తోటివాళ్ల పద్యాలూ తీయగా చదివి జనాన్ని కూర్చోబెట్టిన మనిషికి, బతుకంతా గొంతు మీద నడిచిన మనిషికి, అది పోయింది. అప్పటినుంచి ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించడమే. ఆ తర్వాత ఇంకో పదహారేళ్లకు పైగా ఉన్నారు. ఆ కాలంలో రాసిన పాటలు చూడండి. 1976లో అమెరికా అమ్మాయి సినిమాకి తెలుగు పాట పాడడం గురించే ఒక పాట రాశారు. 1979లో గోరింటాకుకి కొమ్మ లేకుండా ఆడపిల్ల చేతిలో పూసే గోరింట పాట. మధ్యలో, 1978లో, కె. విశ్వనాథ్‌గారి సీతామాలక్ష్మికి కోయిల పాట. మామిడి చిగురు తిన్నందుకు కోయిల కూసిందా, కోయిల కూసినందుకు మామిడి చిగిర్చిందా అన్నది అందులో తగువు. గొంతు పోయి పదిహేనేళ్లయిన మనిషి, గొంతు ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్నను ఇద్దరు ప్రేమికుల సరదా చేసి ఇచ్చేశారు. సుశీలగారూ బాలుగారూ పాడారు.

ఇందుకని ఆయన్ని వీరుణ్ణి చేసి దండ వేయాలని నా ఉద్దేశం కాదు. సినిమావాళ్లకు గడువుంటుంది, సన్నివేశముంటుంది. పాట అడిగారు, రాసిచ్చారు. కృష్ణపక్షం రోజుల్లో అయితే కోయిల ఆయన దుఃఖం మోయాల్సి వచ్చేది. ఇక్కడ దానికి ఆ బరువు లేదు, ఒక అమ్మాయీ అబ్బాయీ దాన్ని అడ్డం పెట్టుకుని పోట్లాడుకుంటారు. ఆ పాట ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రావాళ్లు పాడుతూనే ఉన్నారు. రాసిందెవరని అడిగితే సగం మంది తడుముకుంటారు. మాస్టారుంటే వాళ్లను నిలబెట్టి చెప్పించేవారు.